కోటేశ్వరమ్మకు ఇల్లు నిలవలేదు

పటమట దాటి బందరు రోడ్డు పట్టుకుంటే పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, ఆ తరవాత పామర్రు. పటమట ఇవాళ విజయవాడలో ఒక పేట. 1985లో నగరపాలక సంస్థలో కలిపేదాకా అది పంచాయతీ ఉన్న పల్లె. 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలవలకు నీళ్ళొచ్చాక, ఈ రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ దాదాపు ఒకే తీరున పెరిగాయి. కాలవ గట్టు, వరి మడి, గడ్డివామి, దొడ్లో గేదెలు. ఆడవాళ్ళ బతుకులూ అంతే. కోడి కూయకముందే లేచి చల్ల చిలికి, పాలేళ్ళకు చద్ది పెట్టి, నాట్లప్పుడు మడిలోనూ నూర్పులప్పుడు కళ్ళంలోనూ నిలబడి, మధ్యలో పిల్లల్ని కని, కొందరిని పూడ్చిపెట్టి, ఎనభై తొంభై ఏళ్ళు బతికి వెళ్ళిపోయినవాళ్ళు ఈ దారిలో ఎందరో. వాళ్ళ కథలు వాళ్ళతోనే పోయాయి. పొలం దస్తావేజులో మగవాడి పేరుంటుంది, ఓటర్ల జాబితాలో మొగుడి పేరు పక్కన ఈమె పేరుంటుంది, అంతే.

ఆ కోవలో పుట్టి, తన కథను తానే రాసి వెళ్ళిన మనిషి కొండపల్లి కోటేశ్వరమ్మ. 1918 ఆగస్టు 5న పామర్రులో పుట్టింది. 2018 సెప్టెంబరు 19న విశాఖపట్నంలో పోయింది. మధ్యలో నిండా వందేళ్ళు. ఆ వందేళ్ళలో ఆమె తలదాచుకున్న ప్రతి కప్పూ ఏదో ఒకనాడు ఆమె మీదే కూలింది. ప్రతిసారీ శిథిలాల్లోంచి లేచి ఇంకో చోట పొయ్యి రాజేసింది. కూలింది ఆమె ఒక్కదాని ఇల్లే అయితే దీన్ని ఒక కుటుంబ విషాదంగా చెప్పుకుని ఊరుకోవచ్చు. ఆ ఇంటితోపాటు కృష్ణా డెల్టాలో ఒక తరం మొత్తం కన్న కలా కూలింది. అందుకే ఈ కథ బందరు రోడ్డు మీది ప్రతి ఊరికీ చెందుతుందని నా నమ్మకం.

తండ్రి సుబ్బారెడ్డి, తల్లి అంజమ్మ. ఒక మోస్తరు కలిగిన రైతు కుటుంబం. నాలుగైదేళ్ళ పిల్లకు మేనమామతో పెళ్ళి చేశారు. అప్పటికి బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం రాలేదు. వచ్చి అమల్లోకి దిగింది 1930లో. చట్టం ఉన్నా ఆ ఊళ్ళలో అడిగేవాడెవడు? పెళ్ళయిన రెండేళ్ళకే ఆ పెళ్ళికొడుకు క్షయతో పోయాడు. పిల్లకు పెళ్ళి జ్ఞాపకం లేదు, పెళ్ళికొడుకు ముఖం జ్ఞాపకం లేదు. తలిదండ్రులు ఆ సంగతి ఆమెకు తెలియనివ్వలేదు. మిగతా ఆడపిల్లల్లాగే బొట్టు పెట్టారు, పూలు పెట్టారు, గాజులు తొడిగారు, బడికి పంపారు. తను విధవనని ఆమెకు తెలిసింది బయటివాళ్ళ నోటి నుంచి.

అంజమ్మ చేసిన ఆ పని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. 1920లలో, రెడ్ల ఇళ్ళు, కమ్మవారి ఇళ్ళు, బ్రాహ్మల అగ్రహారాలు ఉన్న చోట, విధవ అయిన కూతురికి పూలు పెట్టి వీధిలోకి పంపడానికి ఎంత గుండె కావాలి! రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ కబురు నలభై ఏళ్ళయినా పల్లెల గడపలు దాటలేదు. దాటించినవాళ్ళు సంస్కర్తలు కారు, అంజమ్మ లాంటి తల్లులు. ఏ సభలోనూ మాట్లాడకుండా, ఏ పత్రికకూ రాయకుండా, పొద్దున్నే కూతురి జడలో మూర పూలు తురిమి ఊరి నోటికి ఎదురు నిలిచినవాళ్ళు. ఈ కథలో అంజమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇల్లు కూలిన ప్రతిసారీ ఆ పిల్లనూ, ఆ పిల్ల కన్న పిల్లలనూ ఎత్తుకుని బయటికి తెచ్చింది ఆవిడే.

గాంధీ ఖద్దరు నిధి కోసం జిల్లాలు తిరుగుతున్న రోజుల్లో ఆ పసిపిల్ల ఒంటి మీది నగలు తీసి ఇచ్చింది. జాతీయోద్యమ గీతాలు పాడేది. గొంతు బాగుండేది. ఆ గొంతు విన్నవాళ్ళు ఆమెను సభలకు పిలిచేవాళ్ళు. విధవ గొంతెత్తి వీధిలో పాడడమా అని మరికొందరు ముక్కున వేలేసుకునేవాళ్ళు. రెండు రకాల మనుషుల మధ్య ఆమె పెద్దదైంది.

1930ల చివర్లో కొండపల్లి సీతారామయ్యతో ఆమెకు పెళ్ళయింది. ఆయనది గుడివాడ ప్రాంతంలోని జొన్నపాడు. అప్పటికే కమ్యూనిస్టు పార్టీ యువకుడు, కూలీల పక్షాన నిలబడ్డవాడు. విధవను చేసుకుంటానని ముందుకొచ్చాడు. కులంలో పెద్ద గొడవ. ఆ రోజుల్లో విధవా వివాహం అంటే పెళ్ళిపందిట్లోకి బంధువులు రాకపోవడం ఒక్కటే కాదు. చావుకు కూడా రాకపోవడం. రెండు కుటుంబాలూ దానికి సిద్ధపడ్డాయి. సీతారామయ్య చేసిన ఆ పనిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. తరవాత ఆయన చేసినదాన్ని కూడా తక్కువ చేసి చెప్పలేను.

జొన్నపాడు ఇల్లు నిజంగా ఇల్లులా ఉన్నది కొంతకాలమే. ఇద్దరు పిల్లలు పుట్టారు, కూతురు కరుణ, కొడుకు చంద్రశేఖర్ ఆజాద్. కొడుకును అందరూ చందు అనేవాళ్ళు. దేశం కోసం తుపాకి పట్టినవాడి పేరు పుట్టినప్పుడే ఆ పిల్లవాడికి పెట్టేశారు. పార్టీ మనుషులు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. అర్ధరాత్రి తలుపు తట్టినా అన్నం ఉండాలి. ఆ కాలపు కమ్యూనిస్టు నాయకుల జీవిత చరిత్రలు తిరగేస్తే ఒక మాట తరచు కనిపిస్తుంది, ఫలానా కామ్రేడ్ ఇంట్లో భోజనం చేసి బయల్దేరాం అని. ఆ భోజనం ఎవరు వండారో ఎక్కడా ఉండదు. ఎన్ని శేర్ల బియ్యం, ఎవరి పెరట్లో వంకాయలు, ఏ తల్లి తన మెతుకులు తగ్గించుకుని ఇంకో విస్తరి వేసిందో ఆ చరిత్రలకు పట్టలేదు. ఉద్యమం కృష్ణా జిల్లాలో అంత బలంగా నిలవడానికి సిద్ధాంతం ఎంత కారణమో, ఈ వంటిళ్ళు అంత కారణం. ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

మిగిలిన బంగారం పార్టీ నిధికి పోయింది. మొదట గాంధీకి, తరవాత పార్టీకి. ఆడదానికి పల్లెలో బంగారం సోకు కోసం కాదు. మొగుడు పోతేనో, పొలం పోతేనో, పిల్లకు జబ్బు చేస్తేనో అమ్ముకోవడానికి ఉండే ఒకే ఒక్క ఆసరా అది. మెడలోంచి తీసి ఇచ్చేటప్పుడు వాళ్ళకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఇచ్చారు. రేపు అందరికీ అన్నీ ఉండే రోజు వస్తుందని నమ్మారు గనక.

ఆ నమ్మకానికి రాజధాని బెజవాడ. 1942లో ‘ప్రజాశక్తి’ అక్కడి నుంచే వెలువడింది. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ అక్కడే జరిగింది. చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని, కాలవ పడవలెక్కి, నడిచి జనం వచ్చారు. ఆ జనంలో ఆడవాళ్ళు అంతమంది కనబడడం అంతకుముందు లేదు. మహిళా సంఘాలు పుట్టాయి. కోటేశ్వరమ్మ పాడింది, ఉపన్యాసాలిచ్చింది, నాటకాల్లో వేసింది, బుర్రకథ చెప్పింది.

పామర్రుకు కూతవేటు దూరంలో ఉంది కూచిపూడి. అక్కడ శతాబ్దాలపాటు సత్యభామ జడ వేసుకున్నది మగవాళ్ళే. కులీన స్త్రీ రంగస్థలం ఎక్కడం ఆ నేల మీద ఊహకందని పని. అదే నేల మీద, ఆ 1940లలో, రైతు ఇళ్ళ కోడళ్ళు నడుముకు చీర బిగించి, కాలికి గజ్జె కట్టి, భుజాన తంబురా పెట్టుకుని వేలమంది ముందు ‘వినరా’ అన్నారు. వాళ్ళను బజారు మనుషులన్నారు, మొగుళ్ళను వదిలేసినవాళ్ళన్నారు, రాళ్ళు వేశారు. అయినా ఊరూరా తిరిగారు. బెంగాల్ కరువుకు చందాలు పోగుచేశారు. నాకు ఆ పదేళ్ళు తెలుగు పల్లె స్త్రీ చరిత్రలోకెల్లా వెలుగున్న కాలం అనిపిస్తుంది. అంత ఎత్తుకు వెళ్ళబట్టే ఆ తరవాతి పతనం అంత లోతుగా తగిలింది.

1948లో దెబ్బ పడింది. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతోంది, దానికి కృష్ణా జిల్లా వెనక నిలిచింది. ఆయుధాలు, బియ్యం, మనుషులు, అన్నీ ఇటు నుంచి వెళ్ళేవి. మద్రాసు ప్రభుత్వం విరుచుకుపడింది. మలబారు పోలీసులు ఊళ్ళలో దిగారు. 1949లో కాటూరులోనూ పామర్రుకు దగ్గరే ఉన్న యలమర్రులోనూ మగవాళ్ళను బట్టలూడదీయించి గాంధీ బొమ్మ చుట్టూ తిప్పారు. చూడమని ఆడవాళ్ళను పిలిచి నిలబెట్టారు. ఆ సంగతి నేటికీ ఆ ఊళ్ళ పెద్దలు గొంతు తగ్గించే చెబుతారు.

నాయకులు అజ్ఞాతంలోకి వెళ్ళారు. వాళ్ళు దాక్కోవడానికి ఇళ్ళు కావాలి. మగవాళ్ళు ఒంటరిగా అద్దెకు దిగితే ఊరు అనుమానిస్తుంది. ఇంట్లో ఒక ఆడమనిషి ఉండి, వాకిట్లో ముగ్గు ఉండి, పక్కింటివాళ్ళను చేబదులు పంచదార అడిగితే సంసారం అనిపిస్తుంది. అలా ఎందరో స్త్రీలు పార్టీ డెన్లకు ఇల్లాళ్ళయ్యారు. కోటేశ్వరమ్మ కూడా పిల్లల్ని అంజమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. ఊరు కాని ఊళ్ళు, భాష రాని రాష్ట్రాలు, మారు పేర్లు, ప్రతి ఊరికీ కొత్తగా అల్లుకున్న ఒక కుటుంబ కథ. నవ్వొచ్చినా, ఏడుపొచ్చినా ఆ కథలో ఉన్న మనిషిగానే నవ్వాలి, ఏడవాలి. పిల్లలు ఎలా ఉన్నారో తెలుసుకునే దారి లేదు. పక్కింటి పిల్లవాడు అమ్మా అని పిలిస్తే తలుపు వేసుకుని లోపలికి పోవాలి.

అటు పామర్రులో అంజమ్మ ఇద్దరు మనవలను పెంచుతోంది. పోలీసులు వచ్చి ఇల్లు సోదా చేసి పోతూ ఉండేవాళ్ళు. ముసలితనం మీద పడుతున్న ఆ తల్లికి పార్టీ సభ్యత్వం లేదు. ఆమె చేసిన పనికి పార్టీ రికార్డులో పేరు లేదు. సాయుధ పోరాటానికి తల్లులూ అత్తలూ పెట్టిన పెట్టుబడి ఎంతో లెక్క కట్టినవాళ్ళు లేరు. దళం మనిషి ఒకడు అడవిలో ఉండాలంటే ఊళ్ళో ఒక ముసలావిడ అతని పిల్లలకు అన్నం పెడుతూ ఉండాలి. అడవి గురించి పుస్తకాలు వచ్చాయి. ఆ పొయ్యి గురించి రాలేదు.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అజ్ఞాతంలోంచి అందరూ బయటికి వచ్చారు. పార్టీ ఎన్నికల్లోకి వెళ్ళింది. ఆడవాళ్ళతో, ఇక ఇంటికి వెళ్ళండి అన్నారు. ఇంటికి అంటే ఏ ఇంటికి? తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా తెచ్చినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ బయటికొచ్చింది. తుపాకి పట్టినవాళ్ళను, కబుర్లు మోసినవాళ్ళను, డెన్లు నడిపినవాళ్ళను ఉద్యమం అక్కర తీరాక కుట్టుమిషను దగ్గరికి పొమ్మంది. ఇందులో పార్టీ తప్పు లేదని, అది అప్పటి కాలం తప్పు అని కొందరు అంటారు. కాలాన్ని మారుస్తామని బయల్దేరినవాళ్ళకు ఆ మాట చెల్లదు.

కోటేశ్వరమ్మకు వెళ్ళే ఇల్లు కూడా లేకపోయింది. సీతారామయ్య ఇంకో స్త్రీతో జీవితం కలుపుకుని ఆమెను వదిలేశాడు. లోకాన్ని ఎదిరించి విధవను చేసుకున్నవాడే ఆమెను రెండోసారి ఒంటరిని చేశాడు. మొదటిసారి చావు చేసిన పనిని రెండోసారి బతికున్న మనిషి చేశాడు. మొదటిసారి ఊరు జాలి చూపింది, అది కూడా పెద్దయ్యాకే తెలిసింది. ఈసారి ఏ జాలీ లేదు. పార్టీ తీర్చవలసిన తగవును పార్టీ తీర్చలేదు. నాయకుడి ఇంటి సంగతి సొంత వ్యవహారం అయిపోయింది. ఆమె ఇచ్చిన నగలు, వండిన అన్నం, డెన్లలో గడిపిన ఏళ్ళు ఏవీ సొంత వ్యవహారాలు కాలేదు గదా!

ఇక్కడితో ఆమె కథ అయిపోవలసింది. అలాంటి స్థితిలో బందరు కాలవను ఆశ్రయించిన ఆడవాళ్ళు ఎందరో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆమె మాత్రం ముప్పై అయిదు దాటిన వయసులో పలక పట్టుకుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో చేరి, తన కూతురి ఈడు పిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదివింది. నాలుగు డబ్బుల కోసం కథలు, పాటలు రాసింది. చదువయ్యాక కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టలుకు మేట్రన్‌గా వెళ్ళింది. పిల్లలు మళ్ళీ అంజమ్మ దగ్గరే.

కాకినాడ ఏళ్ళ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. సభలు లేవు, జెండాలు లేవు. పొద్దున్నే సరుకుల లెక్క, మధ్యాహ్నం వంటవాళ్ళతో తగవు, రాత్రి జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద తడిగుడ్డ. చేతికొచ్చిన జీతంలోంచి పామర్రుకు మనియార్డరు. ఆ హాస్టల్లో చదివి ఉద్యోగాలకు వెళ్ళిన పల్లెటూరి ఆడపిల్లల జీవితాల్లో ఆమె తెచ్చిన మార్పు, ఏ ఊరేగింపుతో తెచ్చినదానికీ తీసిపోదు. వాళ్ళ సొంత కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలన్నది ఆమె ఉపన్యాసాల్లో చెప్పిన మాటే. ఇప్పుడు వంట సామాను తూకం వేస్తూ దాన్ని చేసి చూపింది.

ఈలోగా పార్టీ కూడా కూలుతూ వచ్చింది. 1955 ఫిబ్రవరి ఎన్నికల్లో కమ్యూనిస్టులే ఆంధ్రలో ప్రభుత్వం పెడతారని అందరూ అనుకున్నారు. నూటికి ముప్పై పైచిలుకు ఓట్లు వచ్చి కూడా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. బెజవాడ వీధుల్లో ఆ రాత్రి ఎంతమంది ఏడ్చారో! 1964లో పార్టీ రెండయింది. నక్సల్బరీ తరవాత మూడయింది, ఆ మూడోది ఎన్నో ముక్కలయింది. కిసాన్ సభకు ఒకే బండిలో వచ్చిన అన్నదమ్ములు ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు పోవడం మానేశారు. డెల్టాలో మాగాణి ధర పెరిగింది, పొగాకు, చెరకు, సినిమా హాళ్ళు, లారీలు వచ్చాయి. ఒకప్పుడు పార్టీకి ధాన్యం కొలిచిన ఇళ్ళే తరవాత ఇంకో జెండా ఎత్తాయి. బందరు రోడ్డు మీద ఆ కలకు గుర్తుగా మిగిలినవి కొన్ని అమరవీరుల స్తూపాలు.

వరంగల్‌లో హిందీ మాస్టరుగా చేరిన సీతారామయ్య అక్కడి కుర్రాళ్ళను కూడగట్టాడు. పెద్ద చదువులకు పిల్లలిద్దరూ వరంగల్‌కే చేరారు. చందు ఇంజనీరింగ్, కరుణ వైద్యం. తల్లి పంపిన మనియార్డర్లు, అమ్మమ్మ పెట్టిన అన్నం ఫలించే రోజులు దగ్గరకొచ్చాయనుకుంది కోటేశ్వరమ్మ. కానీ చందు నక్సలైటు ఉద్యమంలోకి వెళ్ళాడు. 1970లలో పోయాడు. కొడుకు శవమైనా ఆ తల్లికి దక్కలేదు. ఏ కల కోసం తను నగలు ఇచ్చిందో ఆ కలే కొడుకును తీసుకుపోయింది. ఆ కలను తప్పు పట్టడానికి ఆమెకు మనసు రాలేదు. కొడుకు పోయినందుకు ఏడవకుండా ఉండడమూ చేతకాలేదు. ఉద్యమంలో ఉన్న తల్లి ధైర్యంగా ఉండాలని చుట్టూ ఉన్నవాళ్ళు ఆశిస్తారు. కడుపుకోతకు ఎర్ర గుడ్డ కప్పినంత మాత్రాన అది కోత కాకుండా పోతుందా?

సీతారామయ్య 1980 ఏప్రిల్ 22న పీపుల్స్ వార్ పార్టీని స్థాపించాడు. 1984లో ఉస్మానియా ఆసుపత్రి నుంచి పోలీసుల కన్నుగప్పి తప్పించుకున్నాడు. ఆయన పేరు దేశమంతా మారుమోగింది. ఆ సుమారు కాలంలోనే కోటేశ్వరమ్మ అల్లుడు వడదెబ్బకు పోయాడు. ఆ దుఃఖాన్ని తట్టుకోలేక డాక్టరైన కరుణ తన ప్రాణాన్ని తనే తీసుకుంది. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. తన పిల్లల్ని అంజమ్మ పెంచినట్టే కూతురి పిల్లల్ని ఈమె దగ్గరకు తీసుకోవలసి వచ్చింది. కన్న ఇద్దరూ పోయాక, అరవై దాటిన వయసులో, అమ్మమ్మగా మళ్ళీ ఒక ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ మనవరాళ్ళు పెరిగారు, చదువుకున్నారు, నిలదొక్కుకున్నారు. ఎన్ని పోయినా ఇది మిగిలింది. దీని ముందు మిగతా విజయాలు చాలా చిన్నవిగా కనిపిస్తాయి నాకు. కొన్నాళ్ళు ఆమె హైదరాబాదులో కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు పేర నడిచే వృద్ధాశ్రమంలో ఉంది. ఆ రాజేశ్వరరావుదీ కృష్ణా జిల్లాయే, మంగళాపురం. ఆశ్రమంలో ఉన్న చాలామంది ఒకనాటి కామ్రేడ్లు. బెజవాడ కిసాన్ సభలో గుర్రాల్లా తిరిగినవాళ్ళు, చేతికర్ర ఊతంతో భోజనాల గదికి నడిచే చోట ఆమె కూడా ఒక గది తీసుకుంది.

సీతారామయ్య ఇల్లూ నిలవలేదు. తొంభైల మొదట్లో తను పుట్టించిన పార్టీయే ఆయన్ని వెలివేసింది. 1993లో అరెస్టయ్యాడు. జబ్బుతో వణుకుతూ, మతి తప్పుతూ, చివరికి విజయవాడలో మనవరాలి ఇంటికి చేరాడు. అంటే కోటేశ్వరమ్మ కూడగట్టి నిలబెట్టిన ఇంటికి. ఆమెను చూడాలని కబురు పంపాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎంతోమంది చెప్పారు, చివరి కోరిక కదా అని. ఆడది క్షమించాలని అడగడానికి మన సమాజం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నాకైతే ఆ ‘రాను’ అన్న మాటలో నలభై ఏళ్ళ న్యాయం వినిపిస్తుంది. ఆ తరవాత ఆమె వెళ్ళి చూసింది. వెళ్ళినందువల్ల ముందు అన్న మాట విలువ తగ్గలేదు, ముందు అన్న మాట వల్ల వెళ్ళడంలోని దయా తగ్గలేదు. 2002 ఏప్రిల్ 12న ఆయన విజయవాడలోనే పోయాడు.

ఆ తరవాత పదేళ్ళకు, తొంభై నాలుగో ఏట, ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. తెలుగు పాఠకులు దాన్ని కళ్ళనీళ్ళతో చదివారు, ఒకరికొకరు ఇచ్చుకున్నారు, ఇంగ్లీషులోకీ వెళ్ళింది. చదివినవాళ్ళకు మొదట ఆశ్చర్యం కలిగించేది అందులో కోపం లేకపోవడం. తనను వదిలేసిన భర్త పట్ల, పట్టించుకోని పార్టీ పట్ల ఆమె నిందల చిట్టా విప్పదు. జరిగింది జరిగినట్టు చెబుతుంది. ఎవరు మంచి చేశారో పేరు పెట్టి తలుచుకుంటుంది. పార్టీ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య వంటివారి ఆదరణను మరిచిపోదు. కష్టకాలంలో ఒక పూట అన్నం పెట్టిన ఇల్లాలిని కూడా మరిచిపోదు. పల్లెటూరి ఇంటి ఆడవాళ్ళకు ఉండే జ్ఞాపకం అది. ఎవరింట్లో ఏ పండగకు ఏ పిండివంట తిన్నారో యాభై ఏళ్ళ తరవాత చెప్పగల జ్ఞాపకం. నాయకులు రాసిన చరిత్రల్లో తీర్మానాలు, చీలికలు, తేదీలు ఉన్నాయి. ఆ తేదీల నాడు ఇంట్లో ఏం జరిగిందో ఈ పుస్తకంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవనివాడికి కృష్ణా జిల్లా కమ్యూనిస్టు ఉద్యమం సగమే అర్థమవుతుంది.

ఆమెకు కోపం లేకపోయింది గాని, ఆమె కథ చదివిన మనకు రావాలి. ఎన్ని ఇళ్ళు! పామర్రు పుట్టిల్లు, జొన్నపాడు మెట్టినిల్లు, మారు పేర్లతో ఉన్న డెన్లు, ఆంధ్ర మహిళా సభ, కాకినాడ హాస్టలు, వృద్ధాశ్రమం, మనవరాలి ఇల్లు. వీటిలో ఒక్కటీ ఆమె పేరు మీద లేదు. తన నగ, తన వయసు, తన గొంతు, తన ఇద్దరు పిల్లలను ఇచ్చిన మనిషికి ఈ నేల తిరిగి ఏమిచ్చింది అని అడిగే హక్కు ఆమె మనకే వదిలి వెళ్ళింది.

2018 ఆగస్టు 5న నూరో పుట్టినరోజు పండగ చేశారు. పాత పాటలు పాడుకున్నారు. ఆరు వారాలు గడిచాయో లేదో, సెప్టెంబరు 19న విశాఖలో మనవరాలి దగ్గర కన్నుమూసింది. మర్నాటి వార్తల్లో ఆమెను కొండపల్లి సీతారామయ్య భార్యగా పరిచయం చేశారు. ఆయన ఆమెను వదిలి అరవై ఏళ్ళు దాటింది. ఆ పేరుతో ఆమెను గుర్తుపట్టడం నాకు ఇష్టం లేదు. విధవ కూతురి జడలో పూలు పెట్టి బడికి పంపిన, పోలీసులు చుట్టుముట్టిన ఇంట్లో మనవలకు అన్నం పెట్టిన ఒక తల్లి ఉంది. కోటేశ్వరమ్మ ఎవరని ఈ రోడ్డు మీద ఎవరైనా అడిగితే, పామర్రు అంజమ్మ కూతురు అని చెబుతాను.